ఇపే, కుమారు, జటోబా, మస్సరండూబా, గరాపా: ఈ దక్షిణ అమెరికా కలపల్లో మీ పనికి ఏది?

దక్షిణ అమెరికా కలప కొనాలని చూసేవాళ్లు మొదట అడిగేది "అన్నిటికంటే గట్టిది ఏది?" అని. అమ్మేవాళ్ల దగ్గర జవాబు సిద్ధంగానే ఉంటుంది, చెక్క కాఠిన్యం చెప్పే జాంకా అంకె తీసి చూపిస్తారు, అంకె పెద్దదైతే ధర కూడా పెద్దదే చెబుతారు. నన్నడిగితే ఇక్కడ ఆ ప్రశ్నతో పెద్ద పని లేదు. ఈ వరుసలో ఉన్న కలపలన్నీ గట్టివే, వీటిలో మెత్తనిది అనుకునే గరాపా కూడా టేకు కంటే గట్టిది. వంకర పోయిన డెక్ (ఆరుబయట పలకలతో వేసే వేదిక), మెలి తిరిగిన మెట్లు, నోళ్లు తెరిచిన ఫ్లోరింగ్, వీటిలో దేన్ని చూసినా చెక్క మెత్తగా ఉండటం వల్ల చెడింది దాదాపు ఉండదు, చెక్క కదలడం వల్ల చెడింది. తేమ తగిలితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది, ఆ కదలికకు చోటివ్వకపోతే పగులుతుంది. కాబట్టి ఏ చెక్క ఎంత కదులుతుంది, దాన్ని ఎలా ఆరబెట్టారు, మీరు దాన్ని ఎక్కడ వేస్తున్నారు, ముందు ఈ మూడూ చూడండి. గట్టిదనం సంగతి ఆ తర్వాత.

అయినా అంకెలు లేకుండా పోలిక కుదరదు కదా, అవీ చెప్పేస్తాను. జాంకా పరీక్షలో 11.28 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు గుండును చెక్కలోకి సగం దిగేదాకా నొక్కుతారు, దానికి ఎంత బలం పట్టిందో అదే ఆ చెక్క కాఠిన్యం. పౌండ్లలో చెప్పుకుంటే టేకుకు సుమారు 1,070, అమెరికా వైట్ ఓక్‌కు 1,350 దాకా, గరాపాకు 1,650, జటోబాకు 2,690, మస్సరండూబాకు 3,190, కుమారుకు 3,330, ఇపేకు 3,510. అంకెలు కాస్త అటూ ఇటూగా ఉంటాయి, చెట్టును బట్టి మారతాయి. కుమారుకూ ఇపేకూ మధ్య ఉన్న ఆ తేడా మీ కాలికీ తెలియదు, కుర్చీ కాలికీ తెలియదు. ఆ కొంచెం కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. ఇపేకు ఎక్కువ పెట్టాల్సి వస్తే దానికి వేరే కారణాలున్నాయి, అవే ఇప్పుడు చెబుతాను.

ఇపే: పేరు ఊరికే రాలేదు

ఇపే అంటే హాండ్రోయాంతస్ జాతి చెట్లు. 2007 వరకు వీటిని టాబెబూయా జాతిలో కలిపి చూసేవారు, అందుకే పాత కాగితాల్లో, కొన్ని కొత్త కాగితాల్లో కూడా, ఆ పేరే కనిపిస్తుంది. మెక్సికో నుంచి ఉత్తర అర్జెంటీనా దాకా పెరుగుతాయి, స్పానిష్ మాట్లాడే కొన్ని చోట్ల లపాచో అంటారు, పరాగ్వేకు అది జాతీయ వృక్షం. కలప సాంద్రత ఘనపు మీటరుకు 1,100 కిలోల దగ్గర ఉంటుంది, అంటే నీళ్లలో వేస్తే మునుగుతుంది. 140 మిల్లీమీటర్ల వెడల్పు, 25 మిల్లీమీటర్ల మందం, మూడు మీటర్ల పొడవున్న ఒక్క పలక పదకొండు కిలోలు దాటుతుంది. అదే కొలతల టేకు పలక ఏడు కిలోలు కూడా తూగదు. మేడ మీద డెక్ వేయించుకునేవాళ్లు ఈ బరువు ముందే ఇంజనీరుకు చెప్పాలి, పలకలు పైకి చేరాక కాదు.

ఇపే అసలు గొప్పతనం రెండు చోట్ల ఉంది. ఒకటి, చేవకు, అంటే దుంగ లోపలి ముదురు భాగానికి, కుళ్లూ చెదలూ దాదాపు పట్టవు. రెండోది చాలామంది పట్టించుకోనిది: ఎండేటప్పుడు ఇది రెండు దిశల్లోనూ దాదాపు ఒకే రకంగా కుంచించుకుపోతుంది. కలప దుంగ మధ్య నుంచి బయటికి ఉండే దిశలో ఒక లెక్కన, వార్షిక వలయాల వెంట ఇంకో లెక్కన తగ్గుతుంది. ఈ రెండిటికీ తేడా ఎంత ఎక్కువైతే పలక అంతగా దోనెలా వంగుతుంది. ఇపేలో ఆ నిష్పత్తి 1.2 దగ్గర ఉంటుంది, అది చాలా మంచి అంకె. జటోబాలో 1.9 దాకా పోతుంది. ఎండా వానా రెండూ పడే చోట ఇపే పలకలు ఏళ్ల తరబడి చదునుగా పడి ఉండటానికి కారణం జాంకా అంకె కాదు, ఇది.

న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో, న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీలో సముద్రపు ఒడ్డున జనం నడిచే చెక్క బాటలకు ఇపే వాడింది అందుకే. రోజూ వేలమంది తొక్కుతారు, ఉప్పు గాలి, మంచు, ఎండ అన్నీ తగులుతాయి. అయితే ఒక్క మాట, ఒడ్డున నిలిచే కలప వేరు, సముద్రపు నీళ్లలోపల నిలిచే కలప వేరు. ఉప్పునీళ్లలో చెక్కను తొలిచే ఓడపురుగులకు ఇపే తట్టుకోదు. నీళ్లలో మునిగి ఉండే స్తంభాలకు ఇపే ఇస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, దానికి వేరే చెక్కలున్నాయి.

కోసేటప్పుడు దీని సంగతి తెలుస్తుంది. రంపం పెట్టగానే పసుపుపచ్చ పొడి లేస్తుంది, చెక్క రంధ్రాల్లో లపకోల్ అనే పదార్థం ఉంటుంది, ఆ పసుపు దానిదే. ఆ పొడి మీద అమోనియాలాంటి క్షారం పడితే ముదురు ఎరుపుకు తిరుగుతుంది. తెచ్చింది ఇపేనా కాదా అని అనుమానం వస్తే చిటికెడు రంపపు పొడి మీద ఇలా చేసి చూడొచ్చు. ఇదొక్కటే రుజువు అని కాదు, కానీ ఎంత చేసినా రంగు మారకపోతే ఆ చెక్క గురించి ఇంకో రెండు ప్రశ్నలు అడగాల్సిందే. ఆ పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది, ఊపిరికి అడ్డం పడుతుంది, కళ్లు మండిస్తుంది, ఒకసారి పడకపోతే తర్వాత కొంచెం తగిలినా పడదు. వడ్రంగి మాస్క్ లేకుండా ఇపే కోస్తుంటే పని ఆపించి మరీ పెట్టించండి. గుడ్డ కట్టుకోవడం కాదు, సరైన డస్ట్ మాస్క్.

కుమారు: ఇపేకు నిజంగా దగ్గరిది

కుమారు చెట్టు శాస్త్రీయ నామం డిప్టెరిక్స్ ఓడొరాటా. దీని గింజలే టోంకా బీన్స్, వాటిలో కూమరిన్ అనే సువాసన పదార్థం ఉంటుంది. కోసేటప్పుడు చెక్క కూడా తియ్యటి వాసన వేస్తుంది. అమెరికాలో 1954లో ఆహారంలో కూమరిన్ కలపడాన్ని నిషేధించారు, చెక్కకు దానితో సంబంధం లేదు, గింజల వాసన నచ్చి టీలో వేసుకోవాలనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను.

బరువులో, కాఠిన్యంలో, కుళ్లును తట్టుకోవడంలో కుమారు ఇపేకు అంగుళం దూరంలో ఉంటుంది. ధర తక్కువ. మరి తేడా ఎక్కడ అంటే నారలో. కుమారు నార ఒకే దిశలో సాగదు, ఒక పొర ఇటు తిరిగితే పక్క పొర అటు తిరుగుతుంది. చిత్రిక పడితే అక్కడక్కడా పేళ్లు లేస్తాయి, ఆరేటప్పుడు పలక మెలి తిరగాలని చూస్తుంది, కొసల దగ్గర బీటలు ఇపే కంటే ఎక్కువ. రంగు కూడా పలక పలకకూ మారుతుంది, ఒకటి పసుపు గోధుమ, ఒకటి ఎర్రటి గోధుమ. డెక్ కొంత కాలం ఎండలో ఉన్నాక ఈ తేడా చాలావరకు కలిసిపోతుంది, కానీ మొదటి ఏడాది మచ్చమచ్చలుగా కనబడటం ఖాయం.

కుమారు తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు, కానీ రెండు షరతులు పెడతాను. పొడవైన పలకలు వద్దు, పొడవు పెరిగేకొద్దీ మెలి బయటపడుతుంది. కిందనున్న దూలాల మధ్య దూరం 400 మిల్లీమీటర్లు దాటనివ్వొద్దు, ప్రతి దూలం మీదా రెండేసి స్క్రూలు పడాలి. అలా కట్టిపడేస్తే కుమారు చక్కగా నిలబడుతుంది. పక్కన గాడి తీసి దాచిన క్లిప్పులతో బిగించాలని ముచ్చటపడేవాళ్లు మాత్రం ఇపే వైపు వెళ్లడం మేలు. మెలి తిరిగే పలకను క్లిప్పు ఆపలేదు. చేవలో నూనెలాంటి పదార్థం ఉండటం వల్ల జిగురుతో అతికించే పనులకు, అంటే పలకలు జోడించి బల్ల చేయడం లాంటివాటికి, కుమారు ఏడిపిస్తుంది. అతికించే ముందు ఆ అంచును ఎసిటోన్‌తో తుడిచి వెంటనే జిగురు పెట్టాలి.

మస్సరండూబా: చౌక అని తీసుకునే ముందు

మనిల్కారా జాతి కలప ఇది. ఈ జాతి చెట్ల పాలతోనే బలాటా చేస్తారు, ఒకప్పుడు గోల్ఫ్ బంతుల పైపొర దానితోనే ఉండేది. ఎర్రటి గోధుమ రంగు, సన్నటి నార, నునుపైన ముఖం. కొత్తగా వేసినప్పుడు ఈ ఐదింటిలో నాకు చూడ్డానికి ఇదే బాగుంటుంది. ధర కూడా ఊరిస్తుంది.

ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే ఇది బాగా కదిలే చెక్క. పూర్తిగా ఎండేసరికి వలయాల వెంట ఇపే 7 నుంచి 8 శాతం తగ్గితే మస్సరండూబా 9 శాతం దాటి తగ్గుతుంది. 140 మిల్లీమీటర్ల పలక తీసుకుని లెక్క వేద్దాం. వానాకాలానికీ వేసవికీ మధ్య చెక్కలో తేమ 6 శాతం మారిందనుకోండి, ఇపే పలక వెడల్పు రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మారుతుంది, మస్సరండూబా పలక రెండున్నర దాటి మారుతుంది. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ పలకను రెండు అంచుల్లో స్క్రూలతో బిగించి ఉంచారు, అది తగ్గాలని లాగుతుంది, స్క్రూలు వదలవు, చివరికి పగులు ఏదో ఒక స్క్రూ దగ్గర మొదలవుతుంది. ఆరబెట్టేటప్పుడే ఇది మొండికేస్తుంది, తొందరపెట్టి ఆరబెట్టిన సరుకైతే ముఖం మీద సన్నటి బీటలు ముందే ఉంటాయి, నూనె పూసి పంపితే అవి కళ్లకు కనిపించవు.

ఎండా వానా మార్పు తక్కువగా ఉండి ఏడాది పొడవునా తేమ ఒకేలా ఉండే చోట, లేదా కప్పు కింద ఉన్న వరండాలో, మస్సరండూబా వేసుకోవచ్చు, డబ్బు మిగులుతుంది. 140 మిల్లీమీటర్ల పలక బదులు 90 మిల్లీమీటర్ల సన్న పలక తీసుకోండి, వెడల్పు తగ్గితే కదలిక కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. నెలల తరబడి ఎండ మాడ్చి ఆ తర్వాత ఒక్కసారిగా వానలు పడే చోట మాత్రం నేను దీన్ని ఆరుబయట వేయమని చెప్పను.

జటోబా: ఇంటి లోపలికి

హైమీనియా కూర్బారిల్. ఈ చెట్టు జిగురు గట్టిపడితే కోపల్ అవుతుంది, డొమినికన్ రిపబ్లిక్‌లో దొరికే అంబర్ కూడా ఇదే జాతికి చెందిన, ఇప్పుడు లేని ఒక చెట్టు జిగురు. కలప ఎర్రటి నారింజ గోధుమ రంగులో ఉండి వెలుతురు తగిలేకొద్దీ ముదురు ఎరుపుకు తిరుగుతుంది. ఆ మార్పు మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువ. కొత్త ఫ్లోరింగ్ మీద వెంటనే తివాచీ పరిచేస్తే, తీసిన రోజున దాని కింద లేత చతురస్రం కనబడుతుంది. అది మరక కాదు, వెలుతురు తగలని చోటు, కొంతకాలం తెరిచి ఉంచితే చాలావరకు కలిసిపోతుంది. మొదటి ఆరునెలలూ తివాచీలూ బల్లలూ అప్పుడప్పుడూ జరుపుతూ ఉంటే ఈ టెన్షన్ ఉండదు.

ఫ్లోరింగ్‌కు, మెట్లకు, బరువైన బల్లలకు ఈ ఐదింటిలో నా ఓటు జటోబాకే. ఇపే ఇంటి లోపల కూడా వేయొచ్చు, కానీ ఇంట్లో వాన పడదు, చెదల బెడద ఉన్నా జటోబా చేవ దాన్నీ తట్టుకుంటుంది. అంత ఖరీదైన చెక్క అక్కడ అక్కరలేదు. పైగా రంపానికీ ఉలికీ జటోబా కొంచెం లొంగుతుంది, పాలిష్ బాగా పడుతుంది. మెట్ల అంచు గుండ్రంగా తిప్పితే ఆ అంచు ఏళ్ల తరబడి చెక్కుచెదరదు.

ఆరుబయట జటోబా గురించి అడిగితే కాస్త ఆలోచించమంటాను. ముందు చెప్పిన నిష్పత్తి గుర్తుందా, ఇక్కడ అది దాదాపు రెండింతలు: ఒక దిశలో సుమారు 4.5 శాతం, ఇంకో దిశలో సుమారు 8.5. అంటే తడిసి ఆరే చోట పలక దోనెలా వంగడానికి ఇది సిద్ధంగా ఉంటుంది. ఇంకో చిక్కు, దీనికి తెల్లకలప, అంటే బెరడు కిందుండే బయటి పొర, మందంగా ఉంటుంది, లేత బూడిద రంగులో చేవ పక్కనే కనబడుతుంది. ఆ తెల్లకలపకు చేవలో ఉన్న శక్తి ఏమీ ఉండదు, పురుగు పడుతుంది, కుళ్లుతుంది. ఒక పలకలో ఒక అంచు తెల్లగా ఉంటే ఆ పలకను లోపలి పనికి మాత్రమే, అది కూడా చెదలు లేని చోటే, వాడండి. ఇది ఈ ఐదు కలపలకూ వర్తించే మాటే, జటోబాలో ఎక్కువ ఎదురవుతుంది.

గరాపా: వెలుతురు కావాలనుకునేవాళ్లకు

అపూలియా లియోకార్పా. తేనె పసుపు రంగు. సాంద్రత 820 దగ్గర ఉంటుంది, అంటే ఇపే కంటే నాలుగో వంతు తేలిక. కాళ్లకు చెప్పుల్లేకుండా నడిచే చోట, ఈత కొలను చుట్టూ అనుకోండి, ముదురు చెక్కలు మధ్యాహ్నానికి కాల్చేస్తాయి. లేత రంగు కాబట్టి గరాపా అంతగా వేడెక్కదు. మన్నికలో ఇపే, కుమారుల తర్వాతి మెట్టు మీద ఉంటుంది. కోయడం సులువు, నునుపు బాగా వస్తుంది. దీనికి ఇనుము పడదు, తడిగా ఉన్నప్పుడు ఇనుప మేకు తగిలిందంటే నల్లటి మరక. కోసేటప్పుడు పక్కన ఇనుము రాపాడించి ఆ రజను పలకల మీద పడినా చాలు, మొదటి వానకే చుక్కలు చుక్కలుగా నల్లబడుతుంది. నూనె పూయకుండా వదిలేస్తే వెండి బూడిద రంగుకు వస్తుంది, ఆ రంగు గరాపాలో నాకు బాగా నచ్చుతుంది.

మిగతావి క్లుప్తంగా

పర్పుల్‌హార్ట్ రంగు చూసి అందరూ పడిపోతారు. కోసిన వెంటనే బూడిదలా ఉంటుంది, గాలి తగిలాక ఊదా రంగు పొంగుకొస్తుంది, ఏళ్లు గడిచాక, ఎండలో అయితే ఇంకా త్వరగా, గోధుమ రంగుకు దిగిపోతుంది. చిన్న పెట్టెలకు, పొదుగు పనికి, పనిముట్ల పిడులకు బ్రహ్మాండం. ఊదా రంగు ఎప్పటికీ ఉంటుందని నమ్మి మొత్తం డెక్ వేస్తే మాత్రం నిరాశే. గాలి తగిలి రంగు తేలాక, ఎండ నేరుగా పడని చోట, అతినీలలోహిత కిరణాలను ఆపే పూత వేస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది.

గ్రీన్‌హార్ట్ గయానా అడవులది, ఇందాక చెప్పిన, ఓడపురుగులుండే ఉప్పునీళ్లలో పనికి ఇదే సరైనది. రేవుల్లో స్తంభాలకు, కాలువల లాక్ గేట్లకు తరతరాలుగా వాడుతున్నారు. 1912లో నార్వేలో కట్టిన, షాకిల్‌టన్ అంటార్కిటికా యాత్రకు వాడిన ఎండ్యూరెన్స్ ఓడకు మంచు రాపిడిని తట్టుకోవడానికి బయటి తొడుగు గ్రీన్‌హార్ట్‌తోనే వేశారు. దీని పేళ్లు గుచ్చుకుంటే గాయం చీము పట్టే ప్రమాదం ఎక్కువ, చేతికి తొడుగులు తప్పనిసరి. సముద్రపు నీళ్లలో పనికి సూరినామ్, ఫ్రెంచ్ గయానాల్లో దొరికే బాస్రలోకస్ కూడా బాగుంటుంది, అందులో ఇసుకలోని సిలికాయే ఎక్కువగా ఉంటుంది, పురుగు పళ్లు అరిగినట్టే రంపం పళ్లు కూడా అరుగుతాయి.

పేరు చూసి కాదు, శాస్త్రీయ నామం చూసి కొనండి

అమ్మకానికి పెట్టే పేర్లు చూస్తే తల తిరుగుతుంది. బ్రెజిలియన్ వాల్‌నట్ అంటే ఇపే, బ్రెజిలియన్ టేక్ అంటే కుమారు, బ్రెజిలియన్ చెర్రీ అంటే జటోబా, బ్రెజిలియన్ రెడ్‌వుడ్ అంటే మస్సరండూబా, బ్రెజిలియన్ యాష్ అంటే గరాపా. వాల్‌నట్‌తోనూ టేకుతోనూ చెర్రీతోనూ వీటికి బంధుత్వం ఏమీ లేదు. టేకులా ఉంటుందని కుమారు తెచ్చుకుని, టేకు కోసే పనిముట్లతో కోయబోతే బ్లేడు పోతుంది. బిల్లు మీద శాస్త్రీయ నామం రాయమనండి. రాయడానికి వెనకాడేవాళ్ల దగ్గర కొనకండి, ఈ ఒక్క విషయంలో నేను మొహమాటపడను.

కొనేముందు, బిగించేముందు

ఎంత మంచి చెక్క ఎంచుకున్నా ఆరబెట్టడం సరిగా లేకపోతే అంతా వృథా. ఇంటి లోపలి ఫ్లోరింగ్‌కు కిల్న్‌లో, అంటే వేడి గదిలో, ఆరబెట్టిన సరుకే కావాలి. ఆరుబయటి డెక్‌కు గాలికి ఆరినదైనా నడుస్తుంది, కానీ తేమ ఎంతుందో తెలియాలి. చిన్న తేమ మీటర్ ఒకటి తీసుకెళ్లి నాలుగైదు పలకలు మధ్యలో నుంచి లాగి చూడండి, పైన పేర్చినవి ఎప్పుడూ ఆరే ఉంటాయి. 12 శాతం దగ్గరున్న పలకలు వానలు మొదలైతే ఉబ్బుతాయి, కాబట్టి మధ్యలో ఐదారు మిల్లీమీటర్ల సందు వదలాలి. 18 శాతం దగ్గరున్నవి ఇంకా తగ్గుతాయి, వాటికి మూడు మిల్లీమీటర్లు చాలు, కొంతకాలానికి సందు దానంతట అదే పెరుగుతుంది. అందరికీ ఒకే సందు అని చెప్పేవాళ్లు ఈ సంగతి చూడనట్టే.

కొసలు కోసిన ప్రతిసారీ ఆ కోతకు వెంటనే మైనం సీలర్ పూయాలి. చెక్కలో నీరు కొసల నుంచే చాలా వేగంగా పోతుంది, మిగతా పలక నెమ్మదిగా ఆరుతుంటే కొస ముందే ఆరి పగులుతుంది. సాయంత్రం అన్నీ కలిపి పూద్దాంలే అని వదిలేస్తే ఎండలో ఆ కొన్ని గంటలే చాలు, సన్నటి గీతలు పడిపోతాయి. స్క్రూలకు ముందుగా రంధ్రం వేయాల్సిందే, లేకపోతే పలకైనా చీలుతుంది, స్క్రూ తలైనా తెగి చేతిలోకి వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే వాడండి, సముద్రం దగ్గరైతే 316 రకం. కార్బైడ్ పళ్ల బ్లేడ్లు కావాలి. డెక్ కింద గాలి ఆడాలి, కింద భాగం తడిగా ఉండి పైభాగం ఎండుతుంటే ఇపే అయినా దోనెలా వంగక తప్పదు.

నూనె పూయాలా వద్దా అన్నది ఇష్టాన్ని బట్టి. చేవ కుళ్లకుండా ఉండటానికి నూనె అక్కర్లేదు, అది రంగు కోసమే. రంగు నిలవాలంటే అతినీలలోహిత కిరణాలను ఆపే నూనెను ఏటా పూయాలి, పలచగా పూసి పావుగంట ఆగి మిగిలింది తుడిచేయాలి, ఇంత దట్టమైన చెక్కలోకి నూనె ఎక్కువ ఇంకదు, తుడవకపోతే జిగటగా మిగిలిపోతుంది. వార్నిష్ మాత్రం ఆరుబయట వద్దు, పెచ్చులు లేస్తుంది, ఆ తర్వాత గీకే పని వర్ణనాతీతం.

కాగితాలు

ఇది ఆఖరున చెబుతున్నా ముందుగా అడగాల్సింది ఇదే. అడవిలో ఇపే చెట్లు తోపుల్లా ఉండవు, దూరదూరంగా ఒక్కొక్కటే ఉంటుంది, ఒక చెట్టు దాకా దారి వేయడానికి ఎంతో అడవి నరకాల్సి వస్తుంది. 2020 చివర్లో మొదలుపెట్టి బ్రెజిల్ ఫెడరల్ పోలీసులు అమెజాన్‌లో రెండు లక్షల ఘనపు మీటర్లకు పైగా అక్రమ కలపను పట్టుకున్నారు, ఆ ఆపరేషన్‌కు పెట్టిన పేరే హాండ్రోయాంతస్, ఇపే జాతి పేరు. 2022లో పనామాలో జరిగిన సైటీస్ (ప్రమాదంలో ఉన్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) సమావేశంలో ఇపే జాతులను, కుమారు జాతిని రెండో అనుబంధంలో చేర్చారు, 2024 నవంబర్ నుంచి అది అమల్లోకి వచ్చింది. అంటే ఈ రెండూ దుంగగా వచ్చినా, కోసిన పలకగా వచ్చినా, డెక్ కోసం గాడి తీసి వచ్చినా, ఎగుమతి చేసే దేశం ఇచ్చిన సైటీస్ అనుమతి ఉండాలి. జటోబా, మస్సరండూబా, గరాపా ఆ జాబితాలో లేవు, కానీ గరాపా బ్రెజిల్ సొంత ప్రమాద జాబితాలో ఉంది.

బ్రెజిల్‌లో చట్టప్రకారం కొట్టిన కలప ప్రతి మజిలీకీ డీఓఎఫ్ లేదా అలాంటి మూలపత్రం ఉంటుంది. నిర్వహణ ప్రణాళిక ఉన్న అడవిలో 35 ఏళ్ల చక్రానికి హెక్టారుకు 30 ఘనపు మీటర్లు మించి కొట్టకూడదన్నది నియమం. కాగితాలు దొంగవి పుట్టించడం కూడా అక్కడ జరుగుతూనే ఉంది, అందుకే డీఓఎఫ్‌తో పాటు ఎఫ్‌ఎస్‌సీ (అడవిని బాధ్యతగా నిర్వహిస్తున్నారని ధ్రువీకరించే అంతర్జాతీయ సంస్థ) ధ్రువీకరణ ఉన్న సరుకు అడగండి, ఆ ధ్రువీకరణ సంఖ్యను ఎఫ్‌ఎస్‌సీ సైట్‌లో మీరే వెతికి, కంపెనీ పేరూ కలప జాతీ కలుస్తున్నాయో లేదో చూడండి. ఐదు నిమిషాల పని. కాగితాలున్న ఇపే దొరక్కపోతే కాగితాలున్న గరాపా కొనండి, అదీ లేకపోతే దక్షిణ అమెరికా కలప మానేసి ఆవిరి వేడితో శుద్ధి చేసిన యాష్ లాంటి చెక్క చూసుకోండి, డెక్ పనికి అది బాగానే వస్తుంది.

ఏది ఎంచుకున్నా ఆర్డరు ఇచ్చేటప్పుడు లెక్కకు వచ్చినదానికంటే పదో వంతు ఎక్కువ, అదే లాట్ నుంచి తెప్పించుకోండి. మెలి తిరిగినవి, తెల్లకలప ఉన్నవి, కొస పగిలినవి పక్కన పెట్టాక మిగిలేది సరిపోవాలి, తర్వాత తెచ్చిన పలక రంగు వీటితో కలవదు.